రంగుకు ముందు రుద్దకం: నమూనా కారు భాగాలను నునుపు చేసే పద్ధతి

1:24 నిష్పత్తిలో చేసిన నమూనా కారు బానెట్ మీద మిల్లీమీటరులో పదో వంతు లోతున ఒక గీత ఉందనుకోండి. అదే గీత అసలు కారు మీద పడితే దాని లోతు 2.4 మిల్లీమీటర్లు. అంత గాడి ఉన్న కారును ఎవరూ కొత్తదని నమ్మరు. చిన్న నమూనా కదా, ఇంత సన్నని గీత ఎవరికి కనిపిస్తుందిలే అనుకునేవారు పొరబడేది ఇక్కడే. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని మీది లోపం పెద్దదవుతుంది.

రంగు పడితే అన్నీ కప్పుకుపోతాయన్న నమ్మకం ఇంకొకటి. రంగు పొర మందం కొన్ని పదుల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే. అది గుంటలో గుంటగా, గట్టు మీద గట్టుగా పరుచుకుంటుంది. మెరిసే రంగయితే వెలుతురును అద్దంలా తిప్పికొడుతుంది కాబట్టి, ఉత్త ప్లాస్టిక్ మీద కంటికి ఆనని వంకరను కూడా పట్టి చూపిస్తుంది. అందుకే రంగు వేయడానికి పట్టే సమయం కంటే రుద్దడానికి పట్టే సమయం నాలుగైదు రెట్లు ఎక్కువైనా నేను ఆశ్చర్యపోను.

ఈ మార్గదర్శి మొత్తానికి ఆధారమైన విషయం ఒకటుంది. ఉప్పుకాగితం ఏ గీతనూ ఊరికే తీసేయదు. ఒక గీతను తీసి, దాని చోట తన గీతలు పెట్టిపోతుంది. తరువాత వచ్చే సన్నని కాగితం ఆ గీతలను తీసి, ఇంకా సన్నని గీతలు పెడుతుంది. ప్రైమర్, అంటే రంగు కింద వేసే పునాది పూత, పూడ్చగలిగినంత సన్నని గీతలు మిగిలేదాకా ఇలా మెట్టు మెట్టుగా దిగడమే మనం చేసే పని. ఒక మెట్టు దాటవేస్తే ఆ గీతలు రంగు కింద అలాగే ఉండిపోతాయి.

చేతిలో ఉన్నది ఏ పదార్థం?

కూర్చుకునే కిట్లలో భాగాలు ఎక్కువగా పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో వస్తాయి. ఇది మెత్తన, సులువుగా అరుగుతుంది, వేడికి త్వరగా లొంగుతుంది. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడే ఈ ప్లాస్టిక్‌ను తిరిగే యంత్రంతో గానీ, పొడి కాగితంతో గట్టిగా గానీ రుద్దితే ఆ రాపిడి వేడికే పైపొర కరిగి ముద్దలు కడుతుంది. అందుకే ఈ పనికి యంత్రాలు వద్దని నా గట్టి అభిప్రాయం.

తయారై వచ్చిన లోహపు నమూనాల శరీరం సాధారణంగా జింకు మిశ్రమం. వాటి బంపర్లు, అద్దాల చట్రాలు మాత్రం ప్లాస్టిక్‌వే అయి ఉంటాయి. మూడోది రెజిన్ పోత, అంటే ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్. దీని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి రెజిన్‌ను ఎప్పుడూ తడిపే రుద్దాలి, ముఖానికి పొడిని ఆపే మాస్కు ఉండాలి. పోత భాగాల మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు కూడా ఉంటుంది. దాన్ని కడగకుండా రుద్దితే ఆ జిడ్డునే గీతల్లోకి కూరినట్టవుతుంది.

లోహపు నమూనా పాతదైతే ముందు దాన్ని వెలుతురులో తిప్పి చూడండి. రంగు పొంగి, కింద సన్నని పగుళ్లు సాలెగూడులా అల్లుకుని ఉంటే అది జింకు తెగులు కావచ్చు. మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిసినప్పుడు లోహం లోపలినుంచే చిట్లుతుంది. దానికి రుద్దడం మందు కాదు. అలాంటి శరీరాన్ని రుద్దితే పెచ్చులుగా రాలుతుంది. స్వచ్ఛమైన జింకుతో తయారయ్యే జామాక్ మిశ్రమాలు 1929లో వచ్చింది ఈ సమస్యను అదుపు చేయడానికే.

ఇంకొక జాగ్రత్త. పాతకాలపు బొమ్మ కార్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని పొడిగా రుద్దవద్దు. చేతి తొడుగులు వేసుకుని తడిపి రుద్దండి. ఆ మురికి నీటిని వంటగదిలో పారబోయవద్దు, పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

పాత రంగును ఉంచాలా, తీసేయాలా?

తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ ఉండే గాడులను చూసి నిర్ణయించండి. పాత రంగు పలుచగా, గట్టిగా అతుక్కుని ఉండి, గాడులు ఇంకా పదునుగా కనిపిస్తుంటే ఆ రంగునే పునాదిగా చేసుకుని రుద్దవచ్చు. గాడులు నిండిపోయి, రంగు అంచుల దగ్గర లేచిపోతూ ఉంటే మొత్తం తీసేయాలి. సగం రంగు ఊడి సగం మిగిలిన శరీరాన్ని రుద్ది సరిచేయడం నాకు ఎప్పుడూ లాభసాటిగా అనిపించలేదు. రంగుకూ ఉత్త ప్లాస్టిక్‌కూ మధ్య మెట్టును ఎంత అరగదీసినా ఏదో ఒక కోణంలో అది కనిపిస్తూనే ఉంటుంది.

ప్లాస్టిక్ భాగాలకు 90 శాతం పైబడిన ఐసోప్రోపైల్ ఆల్కహాల్ నాకు నమ్మకమైన మందు. చాలా రకాల అక్రిలిక్, లక్కర్ రంగులను ఇది వదిలిస్తుంది. ఎనామెల్ మీద మాత్రం నెమ్మదిగా, కొన్నిసార్లు పాక్షికంగానే పనిచేస్తుంది. ముందు కంటికి కనిపించని చోట, శరీరం లోపలి వైపున, ఒక చుక్క వేసి పరీక్షించండి. తరువాత మూత ఉన్న డబ్బాలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో తోమండి. ఇది మండే ద్రవం. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా పని చేయండి. అసిటోన్‌ను మాత్రం పాలీస్టైరీన్ దగ్గరకు తేవద్దు. అది రంగుతో పాటు కారునూ కరిగిస్తుంది. లోహపు శరీరానికి లోహం కోసం చేసిన రంగు తొలగింపు ద్రవం వాడవచ్చు గానీ, ముందు ప్లాస్టిక్ ముక్కలన్నీ విప్పేసి పక్కన పెట్టండి.

క్రోమ్ పూత వేసిన బంపర్లు, గ్రిల్‌ల సంగతి వేరు. కిట్లలోని ఆ మెరుపు నిజానికి శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం పొర. దాని మీద రంగు సరిగా నిలవదు. దాని మీదనుంచి రుద్దితే చారలు చారలుగా లేస్తుంది. బట్టలు తెల్లబరిచే బ్లీచ్ ద్రవంలో కాసేపు ముంచితే ఆ మెరుపు కళ్ల ముందే కరిగిపోతుంది. బ్లీచ్‌ను మరే రసాయనంతోనూ కలపవద్దు. పూత పోయాక కింద మెరిసే పారదర్శకమైన లక్క పొర కనిపించవచ్చు. అది మందంగా ఉండి సన్నని వివరాలను మూసేస్తుంటే ఆల్కహాల్‌తో ప్రయత్నించండి. లొంగకపోతే తేలిగ్గా రుద్ది దాని మీదే ప్రైమర్ వేయడం మంచిది.

కాగితం మీది సంఖ్య

ఉప్పుకాగితం వెనుక ఉన్న సంఖ్య పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందని అందరికీ తెలుసు. రెండు వేర్వేరు కొలతలు వాడుకలో ఉన్నాయన్నది మాత్రం చాలామంది గమనించరు. సంఖ్యకు ముందు పి అన్న అక్షరం ఉంటే అది ఐరోపా కొలత. పి400 కాగితం మీది రేణువు సగటు పరిమాణం 35 మైక్రాన్లు, పి600 మీద సుమారు 26, పి800 మీద సుమారు 22, పి1000 మీద 18, పి1500 మీద 12.6, పి2000 మీద సుమారు 10 మైక్రాన్లు. ఆ అక్షరం లేని అమెరికా కొలతలో 400 అంటే పి800కు దగ్గర, 600 అంటే పి1200కు దగ్గర. రెండు రకాల కాగితాలను కలిపి వాడుతూ, సంఖ్యలను మాత్రమే చూసి వరుస పేరిస్తే ఒకచోట వెనక్కి వెళ్తాం, ఇంకొకచోట మెట్టు ఎగిరిపోతాం. మెరుగుకు వాడే గుడ్డ ఆధారం ఉన్న మెత్తలకు ఇంకో లెక్క ఉంటుంది. వాటిలో 1500 అన్నది అదే సంఖ్య ఉన్న కాగితం కంటే చాలా గరుకు. కాబట్టి ఒకే రకం కాగితం కొని, ఆ వరుసకే కట్టుబడి ఉండండి.

నా బల్ల మీద ఉండేవి పి400, పి600, పి800, పి1000, పి1500, పి2000. వీటిలో పి400 లప్పాన్ని దించడానికి, పెద్ద గట్టును అరగదీయడానికి తప్ప బయటకు రాదు. పి320 కంటే గరుకైనది 1:24 ప్లాస్టిక్ శరీరం మీద పెట్టాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. అది పెట్టిన గీతలు తీయడానికే సగం రోజు పోతుంది.

నీళ్లు ఎందుకు?

నీళ్లు అరిగిన పొడిని కడిగేసి కాగితం మూసుకుపోకుండా చూస్తాయి. రాపిడి వేడిని లాగేస్తాయి. పొడి గాలిలోకి లేవకుండా ఆపుతాయి. నీటిలో తడిసినా చిరగని ఉప్పుకాగితాన్ని 1921లో త్రీఎం సంస్థ బజారులోకి తెచ్చింది. అసలు కార్ల రంగు పనిలో లేచే దుమ్మును తగ్గించినందుకే అది అంత త్వరగా ప్రాచుర్యంలోకి వచ్చింది. ఈరోజు మన చేతిలోని నల్లని తడి కాగితం అసలు కార్ల పనివారినుంచి వచ్చిందని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం ఒక చుక్క వేయండి. కాగితం ముక్కలను పది నిమిషాలు ముందే అందులో నానబెడితే వెనుక భాగం మెత్తబడి వంపుల మీద చక్కగా ఒదుగుతుంది. నీళ్లు మురికి కాగానే మార్చండి. గరుకు కాగితం నుంచి రాలిన ఒక్క రేణువు సన్నని కాగితం కింద చిక్కినా పొడవాటి గీత పడుతుంది. అందుకే కాగితం మార్చిన ప్రతిసారీ భాగాన్ని కడిగి, నీళ్లు కూడా మార్చడం నా అలవాటు.

కాగితం వెనుక ఏముండాలి?

నమూనాలు చెడగొట్టేది ఎక్కువగా వేలి కొన. వేలికి కండ ఉంటుంది, మధ్యలో నొక్కుడు ఎక్కువ, అంచుల్లో తక్కువ. చదునైన బానెట్‌ను వేలితో రుద్దితే మూడు వేళ్లకు మూడు పల్లాలు పడతాయి. అవి రంగు వేసేదాకా కనిపించవు. చదునైన చోట్లకు గట్టి రబ్బరు ముక్క, చదునైన చెక్క బద్ద వంటివాటికి కాగితం చుట్టి వాడండి. పైకప్పు వంటి విశాలమైన వంపులకు మెత్తని స్పాంజి లేదా ఒక సెంటీమీటరు మందం నురుగు ముక్క బాగుంటుంది. చక్రాల పైన ఉండే లోపలి వంపులకు పెన్సిలుకో గుండ్రటి పుల్లకో కాగితం చుట్టండి. సందుల కోసం సన్నని పుల్ల చివర కాగితం అంటించి ముక్కలు చేసుకోండి. ఉత్త వేలితో రుద్దే పని చివరి కాగితంతో, వంపు తిరిగిన చోట మాత్రమే.

ఇక పని

మొదటిది కడగడం. సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్, మంచినీళ్లు, ఆరబెట్టడం.

రెండోది చూడటం. దీనికి తొందర వద్దు. ఒక దీపాన్ని పక్కనుంచి, బల్లకు దాదాపు సమాంతరంగా పెట్టి, భాగాన్ని నెమ్మదిగా తిప్పండి. మీరు వెతికేవి ఇవి: అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట పడే సన్నని గట్టు, ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంగిన గుంటలు, అచ్చు నుంచి భాగాన్ని తోసిన పిన్నుల గుండ్రటి ముద్రలు, కిట్‌లో భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి తుంచిన చోట మిగిలిన మొటిమలు. కారు శరీరంలో అచ్చు గట్టు ఎక్కువగా చక్రాల పైభాగపు వంపు మీదుగా, ముందు అద్దం పక్కన ఉండే స్తంభాల మీదుగా, పైకప్పు అంచు వెంట పోతుంది. కొత్తవారు దాన్ని అసలు కారు రూపంలో భాగమని అనుకుంటారు. అనుమానం వస్తే అసలు కారు ఫొటోలు చూడండి. దొరికిన ప్రతి లోపాన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టండి. గుంట ఉన్నచోట లోహపు స్కేలు అంచు ఆనిస్తే కింద వెలుతురు సన్నగా తొంగిచూస్తుంది.

మూడోది చాలామంది మరిచిపోయేది: రుద్దకముందే గాడులను లోతు చేయడం. రుద్దితే గాడి లోతు తగ్గుతుంది, పైన ప్రైమర్, రంగు, వార్నిష్ పడితే ఇంకా నిండుతుంది. చివరికి తలుపు ఎక్కడ మొదలైందో తెలియని కారు మిగులుతుంది. గీత గీసే సన్నని పనిముట్టును, లేదా హాబీ కత్తి మొద్దు వైపును గాడిలో పెట్టి, బలం వాడకుండా మూడు నాలుగు సార్లు మీ వైపు లాగండి. మొదటి లాగుడు అసలు బరువే లేకుండా ఉండాలి. అదే మిగతావాటికి దారి చూపుతుంది. పనిముట్టు గాడి దాటి జారితే ఆ గాటును పూడ్చడం పెద్ద పని కాబట్టి, గాడి పక్కన మందపాటి టేపు అంటించి దాన్ని ఆసరా చేసుకోండి.

నాలుగోది కాపాడుకోవడం. తలుపు పిడులు, కంపెనీ చిహ్నం, వర్షపు నీరు జారే సన్నని గట్టు, వైపర్ల మొదళ్లు ఒకసారి అరిగాయంటే తిరిగి రావు. వాటి మీద రెండు మూడు పొరల మాస్కింగ్ టేపు వేసి కత్తిరించండి. మధ్య మధ్య తడికి టేపు లేస్తుంది, ఆరబెట్టి కొత్తది వేయండి. కిట్‌లో చిహ్నం మరీ పలుచగా వచ్చి, దానికి బదులు వేరే లోహపు చిహ్నం మీ దగ్గర ఉంటే మాత్రం పాతదాన్ని పూర్తిగా రుద్దేయడమే శుభ్రంగా ఉంటుంది.

ఐదోది గట్లను దించడం. అచ్చు గట్టు మీద వెంటనే కాగితం పెట్టకండి. కత్తి అంచును నిలువుగా పట్టి, గట్టు వెంట గీకండి. సన్నని పీచులా ప్లాస్టిక్ లేస్తుంది. ఇలా గీకితే గట్టు మాత్రమే పోతుంది, చుట్టుపక్కల ఉపరితలం అరగదు. తరువాత పి600 చాలు. తుంచిన మొటిమలకు సన్నని ఆకురాయి వాడండి, చివరి కొంచెం మాత్రం కాగితానికి వదలండి. లోహపు శరీరం మీది గట్లకు కూడా ఆకురాయే సరైనది. జింకు మిశ్రమం మెత్తన కాబట్టి త్వరగానే దిగుతుంది.

ఆరోది పూడ్చడం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. గొట్టంలో వచ్చే మామూలు లప్పం ద్రావకం ఆవిరైతే గట్టిపడుతుంది. ఆవిరైన మేర కుంచించుకుపోతుంది. సన్నని గీతలకు అది సరిపోతుంది. లోతైన గుంటకు ఒకేసారి మందంగా పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. ఒకసారి నేను బానెట్ మీది గుంటకు ఈ లప్పం పెట్టి, మరునాడే రుద్ది, ఎర్రని మెరుపు రంగు వేశాను. పది రోజుల తరువాత ఆ గుంట మళ్లీ పల్లంగా రంగు కిందనుంచి తేలింది. మొత్తం రంగు తీసి మొదటినుంచి చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి లోతైన చోట్లకు రెండు భాగాలు కలిపి వాడే పాలియెస్టర్ లప్పమే వాడుతున్నాను. అది రసాయన చర్యతో గట్టిపడుతుంది, కుంచించుకోవడం చాలా తక్కువ, గంట లోపే రుద్దడానికి సిద్ధమవుతుంది.

సూపర్ గ్లూ కూడా మంచి పూరకమే. అది అసలు కుంచించుకోదనవచ్చు, దాని అంచు పలుచగా అరుగుతుంది. అయితే గట్టిపడిన గంటలోపు రుద్దేయండి. రోజు గడిస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిదవుతుంది. అప్పుడు కాగితం మెత్తని ప్లాస్టిక్‌ను తినేసి గ్లూను దిబ్బలా వదిలేస్తుంది. పూరకం ఏదైనా గుంట అంచు దాటి కొంచెం ఎక్కువ పెట్టండి. సరిగ్గా మట్టానికి పెడితే రుద్దాక మళ్లీ పల్లమే మిగులుతుంది.

ఏడోది అసలు రుద్దకం. లప్పం ఉన్నచోట పి400తో మొదలుపెట్టి, గట్టు దాదాపు మట్టానికి రాగానే ఆపండి. పూర్తిగా మట్టం చేసే పని పి600ది. లప్పం లేని చోట పి600 లేదా పి800తో మొదలుపెడితే చాలు. పి400 ఆ భాగాలకు తగలకూడదు. పి600తో కారు పొడవునా రుద్దితే, పి800తో దానికి అడ్డంగా, ఏటవాలుగా రుద్దండి. పి1000తో మళ్లీ పొడవునా. దిశ మార్చడంలో ఒక లాభం ఉంది. పాత గీతలు ఇంకా మిగిలి ఉంటే కొత్త గీతలకు అడ్డంగా వెంటనే కనిపిస్తాయి. పాత దిశలో ఒక్క గీత కూడా కనిపించనప్పుడే తరువాతి కాగితానికి వెళ్లండి. గుండ్రంగా తిప్పి రుద్దితే ఈ లెక్క కుదరదు. ఏ గీత ఏ కాగితానిదో తెలియదు.

బలం వాడకండి. కాగితం కదలడానికి చాలినంత ఒత్తిడి ఉంటే సరిపోతుంది. కాగితం కోయడం లేదనిపిస్తే ఎక్కువ నొక్కడం కాక కొత్త ముక్క తీసుకోవాలి. శరీరాన్ని లోపలినుంచి వేళ్లతో ఆసరా ఇచ్చి పట్టుకోండి. ముందు అద్దం పక్క స్తంభాలు పుల్లల్లా సన్నగా ఉంటాయి, పైకప్పును నొక్కితే అక్కడే విరుగుతాయి. లోపల మెత్తని నురుగు ముక్క కూరి పని చేయడం ఇంకా మంచిది.

అంచుల గురించి విడిగా చెప్పాలి. కారు రూపాన్ని నిలబెట్టేవి అంచులే. పక్క తలుపుల వెంట సాగే పదునైన మడత, బానెట్ మధ్య మడత, చక్రం చుట్టూ ఉండే పెదవి గుండ్రబడితే, ఎంత నునుపుగా ఉన్నా ఆ కారు సబ్బు ముక్కలా కనిపిస్తుంది. మడతకు రెండు వైపులా విడివిడిగా రుద్దండి. మడత మీదుగా అటునుంచి ఇటు ఎప్పుడూ రుద్దకండి. మడత మీద సన్నని టేపు అంటించి ఒక వైపు ముగించి, టేపు మార్చి రెండో వైపు చేయడం అన్నింటికంటే భద్రమైన పద్ధతి. తెరుచుకునే తలుపులు, బానెట్ ఉన్న నమూనాల్లో అంచు ఎక్కువ అరిగితే మూసినప్పుడు సందు పెద్దదవుతుంది. వాటిని స్థానంలో పెట్టి చూసుకుంటూ రుద్దండి.

చిన్న భాగాలు కొంచెం వేరు. అద్దాల చట్రాలు, బంపర్ చివరలను పట్టకారుతో పట్టి రుద్దితే ఎగిరిపోతాయి. వాటిని చట్రం నుంచి తుంచకముందే వీలైనంత రుద్దుకోండి, లేదా పుల్ల చివర అంటించుకుని చేయండి. చక్రాల నడుమ ఊచలు, గ్రిల్ గదుల్లోకి కాగితం పోదు. అక్కడ పి1000కు సమానమైన సన్నని స్పాంజి మూలతో మెరుపు చచ్చేదాకా తుడిస్తే చాలు. ఏ రంధ్రాన్నీ నింపి మూయకుండా ఉండటమే అక్కడ ముఖ్యం.

ఎక్కడ ఆపాలి?

ప్రైమర్ ముందు పి1000 దగ్గర ఆపండి. ప్లాస్టిక్‌ను పి2000 దాటి అద్దంలా మెరిపిస్తే ప్రైమర్ పట్టుకోవడానికి గరుకే మిగలదు. తరువాత మాస్కింగ్ టేపు తీసినప్పుడు రంగు పెచ్చుగా లేచిపోతుంది. లోహపు శరీరానికి పి600 లేదా పి800 దగ్గరే ఆపవచ్చు. లోహానికి పట్టు ఇంకా ఎక్కువ కావాలి. రుద్దిన జింకు గాలికి త్వరగా మసకబారుతుంది కాబట్టి, అదే రోజు లోహానికి తగిన ప్రైమర్ వేయండి.

కడగడం మళ్లీ. గాడుల్లో చేరిన బురద వంటి పొడి ఎండితే రాయిలా బిగుస్తుంది. తడిగా ఉండగానే మెత్తని బ్రష్‌తో, గాడి వెంట పుల్ల కొనతో తీసేయండి. పూర్తిగా ఆరాక ఐసోప్రోపైల్ ఆల్కహాల్ అద్దిన, పోగులు రాలని గుడ్డతో ఒకసారి తుడవండి. రంగు మీద రుద్దిన భాగమైతే ఈ తుడుపు వద్దు, రంగు లేస్తుంది. పొడి గుడ్డతో పదే పదే తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి గాలిలోని దుమ్మునంతా లాక్కుంటుంది. ఆ తరువాత ఉత్త చేతితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు ముద్ర ప్రైమర్‌ను తోసేస్తుంది.

ప్రైమర్ చెప్పే నిజం

బూడిద రంగు ప్రైమర్‌ను రెండు పలుచని పొరలుగా వేయండి. ఇప్పుడు మళ్లీ పక్క దీపం వెలిగించండి. ఇంతవరకు రంగు రంగుల ప్లాస్టిక్, లప్పం మచ్చలు కంటిని మోసం చేశాయి. ఒకే బూడిద రంగు పడ్డాక మిగిలిన ప్రతి గీతా బయటపడుతుంది. ఇలా ఏదో ఒకటి బయటపడటం మామూలే. నాకు మొదటి ప్రైమర్‌తోనే పని ముగిసిన సందర్భాలు చాలా తక్కువ. లోపాలున్న చోట లప్పం పెట్టి, రుద్ది, ఆ చోటుకు మాత్రం మళ్లీ ప్రైమర్ వేయండి.

వంపు నిజంగా సమంగా ఉందో లేదో తేల్చుకోవాలంటే, ఎండిన ప్రైమర్ మీద నల్ల రంగును దూరంనుంచి తుంపరలా చల్లండి. అది ఆరాక ముక్కకు చుట్టిన పి1000తో తేలిగ్గా రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట నలుపు మొదట పోతుంది, పల్లంలో నలుపు మిగిలిపోతుంది. ఆ నల్ల మచ్చలే మీరు పూడ్చాల్సిన గుంటల పటం. ప్రైమర్ అరిగి కింద ప్లాస్టిక్ కనిపించగానే ఆపండి. అక్కడ రుద్దడం కొనసాగిస్తే కొత్త పల్లం తవ్వినట్టే.

ఎర్రని ప్లాస్టిక్‌లో పోత పోసిన కారుకు తెలుపో పసుపో వేయాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ప్లాస్టిక్‌లోని ఎరుపు కొన్నిసార్లు రంగులోకి ఊరి గులాబీ ఛాయ తెస్తుంది. ప్రైమర్‌కు ముందు వెండి రంగు పొర ఒకటి వేస్తే అది అడ్డుకుంటుంది. రుద్దేటప్పుడు ఆ పొర చిరిగి ఎరుపు బయటపడితే మళ్లీ వెండి వేయాలి.

చివరి ప్రైమర్ పొర పూర్తిగా ఎండనివ్వండి. డబ్బా మీద రాసిన సమయం కనీసం అనుకోండి. దగ్గరగా వాసన చూస్తే ద్రావకం వాసన వస్తోందంటే అది ఇంకా ఎండలేదు. ఎండాక పి1500తో తడిపి, బరువు వేయకుండా, మెరుపు కాస్త చచ్చి పొర సమంగా మసకబారేదాకా తుడవండి. పైన వేసేది వెండి రేకు తళుకులున్న లోహపు రంగైతే పి2000 దాకా వెళ్లండి. ఆ తళుకు రేకులు గీతల వెంట వరుస కట్టి, మామూలు రంగులో కనిపించని గీతను కూడా చూపిస్తాయి. ఆ లోహపు రంగు పొరను మాత్రం రుద్దవద్దు. రేకులు తెగి మచ్చలు పడతాయి. దాని మీద పారదర్శకమైన పొర వేశాక, ఆ పొరనే రుద్ది మెరుగు పెట్టుకోవాలి. మామూలు ఒకే రంగు పొరల మధ్య దుమ్ము కణం పడితే పి2000 ముక్కతో ఆ చోట మాత్రం తాకి, కడిగి, తరువాతి పొర వేయవచ్చు.

ఇక శరీరాన్ని లోపలినుంచి పట్టే ఆధారం మీద బిగించండి. గాడుల్లో తడి మిగలకుండా కనీసం ఒక రాత్రి, దుమ్ము పడకుండా మూత ఉన్న పెట్టెలో ఆరనివ్వండి. తెల్లారి పక్క దీపం కింద ఒక్కసారి తిప్పి చూసి, రంగు డబ్బా అందుకోండి.